చూచిరాత

"శారద తరఫున ఎవరున్నరు?" అని నర్సు బల్ల దగ్గర నుంచి అడిగినప్పుడు నేను లేవలేదు, తలుపు వైపు చూశాను. ఎవరో లోపలికి రావాలన్నట్టు, వస్తే తడి బట్టలతో వస్తుందన్నట్టు చూశాను. ఇవాళ్టికి ముందు ఆ పేరును గొంతెత్తి పిలవగా విని యాభై ఏడేళ్ళయింది. రెండోసారి పిలిచింది నర్సు, మూడోసారి నా ముఖంలోకి చూసి పిలిచింది, అప్పుడు గుర్తొచ్చింది నాకు, శారద అంటే మా చిన్ని కదా, నా మనవరాలు, ఆరో నంబరు మంచం మీద ఆకుపచ్చ పరదా వెనక, సూది గుచ్చిన చేయి పక్కకు పెట్టుకుని పడుకున్న పదమూడేళ్ళ పిల్ల. కాగితాల్లో దాని పేరు శారద. ఇంట్లో ఎవరమూ అలా పిలవము. పోయిన మనిషి పేరు పిల్లకు పెట్టుకుంటే ఆ పేరుతో పిలవకూడదు మా ఇళ్ళల్లో, పిల్లను తిట్టినా కొట్టినా అది పోయిన మనిషికి తగులుతుందని. అందుకే కాగితానికి ఒక పేరు, నోటికి ఒక పేరు. శారద నా చెల్లెలు. ఈ దవాఖాన వాళ్ళకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది, వాళ్ళు కాగితం చూసి పిలుస్తారు. రక్తం తీయడానికి ఒకసారి పిలిచారు, బీపీ చూడటానికి రెండుసార్లు, ఇప్పుడు సంతకానికి. పిలిచినప్పుడల్లా నా వీపు వెనక గాలి కదిలింది, ఏసీ గాలే కావచ్చు, కానీ ఏసీ గాలికి పాచి వాసన ఎందుకుంటుంది, నీళ్ళల్లో నానిన రాయి వాసన.

గోడ గడియారంలో రెండయింది. మూడింటికి డాక్టరమ్మ మళ్ళీ వస్తుంది. యామిని ఆమె పేరు, కోటు జేబు మీద తెలుగులో కూడా రాసి ఉంది కాబట్టి చదివాను, ఇంగ్లీషు నాకు రాదు. బందరు వైపు మనిషట, నర్సుతో అంటుంటే విన్నాను. చిన్న పిల్లే, ముప్పై కూడా ఉండవు, కళ్ళ కింద మాత్రం నా కళ్ళ కిందున్నంత నలుపు. పన్నెండింటప్పుడు మా అబ్బాయి యుగంధర్‌నూ నన్నూ పరదా బయటికి పిలిచి మెల్లగా మాట్లాడింది. "ప్రాణానికి ఇప్పుడేం భయం లేదండీ. ఒక్కటే అడుగుతున్నా. ఆ మాత్రలు పొరపాటున మింగిందా, కావాలని మింగిందా? పొరపాటైతే మూడింటికి ఇంకోసారి చూసి ఇంటికి పంపించేస్తాను. కాదంటే పంపను. పిల్లల మనసు చూసే డాక్టరుగారు ఆదివారం ఉండరు, అయినా నేను ఫోన్ చేస్తే వస్తారు. ఎందుకు రమ్మంటున్నానో రాయాలి కదా మరి." యుగంధర్ ఆమె మాట పూర్తి కాకముందే "పొరపాటే మేడం, జరం గోళీ అనుకున్నది" అన్నాడు. ఆమె ఏమీ రాయలేదు. నా వైపు తిరిగింది. "మీరేమంటారు మామ్మగారూ?" అంది. నేను నేలను చూశాను, నేల మీద ఎరుపు గీత, పసుపు గీత, ఏ గీత వెంట వెళితే ఎక్కడికి పోతారో గోడ మీద రాసి ఉంది, అది చదివాను, చదువుతూనే "మా కొడుకు చెప్పిండు కదమ్మా" అన్నాను. "మూడింటికి వస్తాను" అని వెళ్ళిపోయింది. ఆమె వీపు కనిపించకుండా పోయేదాకా చూశాను.

అది నా అలవాటు. వెళ్ళే వాళ్ళ వీపు మలుపు తిరిగేదాకా చూస్తాను, ఎవరైనా ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఆ మనిషి మళ్ళీ వస్తుందని నా లెక్క. మా ఆయన పాల వ్యాను తోలేవాడు, బొల్లారం నుంచి తెల్లవారకముందే బయలుదేరేవాడు, రోజూ మలుపు దగ్గర చేయి ఊపేవాడు, ఒక్కరోజు ఊపలేదు. మా అమ్మ ఆసుపత్రికి పోతూ రిక్షాలో ముందుకే చూస్తూ కూర్చుంది. చిన్ని రోజూ స్కూలు బస్సు మెట్టు మీద ఆగి "టాటా నానమ్మా, లోపలికి పో, ఎండ" అనేది, కిందటి వారం నుంచి అనడం లేదు. మెట్టెక్కి లోపలికి పోతోంది. నేను గేటు దగ్గర నిలబడి, పరీక్షలు కదా, పరేషాన్‌లో ఉందిలే అనుకున్నాను. అనుకున్నానా, లేక అనుకోవాలని అనుకున్నానా.

పొరపాటు కాదని నాకు తెలుసు. మూత వల్ల తెలుసు. పొద్దున తొమ్మిదయినా లేవలేదని గదిలోకి వెళితే చిన్ని మంచం మీద లేదు, మంచానికీ గోడకూ మధ్య సందులో కూర్చుని ఉంది, తల మోకాళ్ళ మీద పెట్టుకుని. పిలిస్తే నాలుక మడత పడుతూ "నానమ్మ గోళీలు" అంది. నేను అరిచాను, యుగంధర్ వచ్చి ఎత్తుకున్నాడు, ఆ కంగారులో కూడా నా కళ్ళు అల్మారా మీదికే పోయాయి. నా బీపీ గోళీల డబ్బా దాని చోట అది ఉంది, క్యాలెండరు కింద, నేను పెట్టినట్టే, మూత బిగించి. తీసి చూస్తే ఖాళీ. జ్వరం గోళీ అనుకుని తొందరలో మింగిన పిల్ల డబ్బాకు మూత బిగిస్తుందా, పక్కింటి గిన్నె కడిగి తుడిచి తిరిగిచ్చినట్టు తీసుకెళ్ళి ఎక్కడిది అక్కడ పెడుతుందా. మూత మళ్ళీ పెట్టేసి, డబ్బాను నా బట్టల కింద దోపాను. ఎందుకు దోపాను. ఎవరికీ కనబడకూడదని దోపాను. అప్పుడే నా చేతులకు తెలుసు ఏం చేయాలో, డెబ్బై రెండేళ్ళ చేతులు, పదిహేనేళ్ళప్పుడు నేర్చుకున్న పని మరిచిపోలేదు.

నిన్న సాయంత్రం నేను చదువుకుంటున్నాను. చిన్ని వచ్చి నా పక్కన కూర్చుంది, పుస్తకానికి తగిలించుకునే దాని చిన్న దీపం తెచ్చింది, నొక్కితే వెలిగేది, దాని పుట్టినరోజుకు వాళ్ళమ్మ కొనిచ్చింది, ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. "నానమ్మా, ఇది నువ్వుంచుకో" అంది. "నీకొద్దా?" అన్నాను, తల ఎత్తకుండానే. "నాకేం పని" అంది. ఆ మాట అని కూడా కూర్చుంది. పేజీ చివరిదాకా చదివి తల ఎత్తేసరికి లేదు, పరుపు మీద అది కూర్చున్నంత మేర గుంట మాత్రం ఉంది, నేను చూస్తుండగానే ఆ గుంట మెల్లగా పైకి లేచి చదునయింది. ఇది నువ్వుంచుకో. ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను, ఇంత మెత్తగానే విన్నాను, విన్నానని నిన్న నాకు గుర్తు రాలేదా, వచ్చిందా.

యుగంధర్ బయట అంబులెన్సుల నీడలో నిలబడి ఫోన్ చేస్తున్నాడు. అద్దంలోంచి కనబడతాడు, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో జుట్టు. కోడలు సుకన్య వరంగల్ నుంచి బస్సులో వస్తోంది, టీచరు కదా, పదో తరగతి పరీక్షల పేపర్లు దిద్దడానికి వెళ్ళింది, ఆదివారం కూడా దిద్దిస్తున్నారట. బస్సు ఇంకా ఆలేరు దాటలేదు. ఆమెకు కూడా వాడు జ్వరం గోళీ అనే చెప్పాడు. ఇందాక లోపలికి వచ్చినప్పుడు నా పక్కన గొంతుక్కూర్చున్నాడు, నలభై ఐదేళ్ళ మనిషి, ముక్కు ఎర్రబడి ఉంది. "అమ్మా, జెర నువ్వేం మాట్లాడకు. ఒక్క మాట అటిటైతే పోలీసు కాగితం పోతది. స్కూల్ల తెలుస్తది, యాప్రాల్ల మన అపార్ట్‌మెంట్ల అందరికి తెలుస్తది. రేపు దాని పెండ్లి మాట వస్తే గిదే తీస్తరు." "పదమూడేండ్ల పిల్లకు పెండ్లేందిరా" అన్నాను. "నీకు అర్థం గాదమ్మా. ఇంటికి పోయినంక మంచిగ చూసుకుందం. నేను లీవ్ పెడత. దాని పక్కకెల్లి కదల." వాడు అబద్ధం చెప్పడం లేదు, కదలడు, రెండు రోజులో మూడు రోజులో కదలడు. మా నాయన కూడా అదే అన్నాడు, ఇంటికి పోయినంక మంచిగ చూసుకుందాం అని. గొంతు కూడా అదే, మనవడికి తాత గొంతు వస్తుందంటారు, కళ్ళు మూసుకుంటే నా పక్కన గొంతుక్కూర్చుని బీడీ వాసనతో మా నాయనే మాట్లాడుతున్నాడు.

బోయిన్‌పల్లిలో మాకు తోట ఉండేది, ఇప్పుడు కూరగాయల లారీలు నిలబడే చోటుకు కొంచెం అవతల. వంకాయ, బెండ, కొత్తిమీర. తోటకు బావి, బావికి మోట. పెద్దదాన్ని నేను, మోట తోలేదాన్ని, ఎద్దుల వెనక ముందుకూ వెనక్కూ నడవడమే నా చదువు. చెల్లె శారద బడికి పోయేది, ఏడో తరగతి, దాని వయసు పదమూడు. ఒక నెల రోజులుగా మాట తగ్గించింది. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేది. ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు, ఎవరమూ అడగలేదు, ఆడపిల్ల మాట తగ్గిస్తే మంచిదే అన్నారు. ఆ రోజు బడి నుంచి నేరుగా బావి దగ్గరికి వచ్చింది. పుస్తకాల సంచి నీళ్ళు చిందని చోట, గట్టుకు దూరంగా, రాయి మీద పెట్టింది. పట్టీ మడిచి పైన వేసింది. నేను చూస్తున్నాను, ఎద్దుల తాడు నా చేతిలో ఉంది. నా వైపు చూసిందా. చూడలేదు. నాయన తాడు పట్టుకుని దిగి తీశాడు, ఊపిరుంది, రిక్షాలో పెద్ద దవాఖానకు తీసుకెళ్ళాం. దారంతా నాయన ఒకటే మాట, కాలు జారింది, ఏమన్న అడిగితే కాలు జారింది, ఇంకో మాట వచ్చిందా ఇంటికి రావద్దు నువ్వు. అక్కడ తెల్ల టోపీ నర్సమ్మ నన్ను పక్కకు పిలిచింది. నా భుజం మీద చేయి వేసింది, అంతకుముందు నా భుజం మీద అలా ఎవరూ చేయి వేయలేదు. "పాపా, నువ్వు అక్కడనే ఉన్నవంట. మీ చెల్లె పడ్డదా, దూకిందా?" మంచం మీద చెల్లె కళ్ళు తెరిచి ఉంది, తడి జుట్టు మెడకు చుట్టుకుని ఉంది, నన్నే చూస్తోంది. పడ్డది, అన్నాను. నర్సమ్మ ఇంకాసేపు నా ముఖం చూసి, పెన్నుకు మూత పెట్టింది. సాయంత్రానికి ఇంటికి తెచ్చుకున్నాం. పదకొండు రోజులు మంచిగా చూసుకున్నాం. పన్నెండో రోజు నేను అంగడికి పోయాను.

"అవ్వా, కాళ్ళు లేపు" అంది ఎవరో. నేల తుడిచే రోసమ్మ, బకెట్‌తో వచ్చింది. కాళ్ళు ఎత్తాను. "నువ్వు సుత పేషెంట్ తీరే ఉన్నవ్ కదా, పక్క మంచం ఖాళీ ఉంది, పండవెట్టాల్నా?" అని నవ్వింది. నేనూ నవ్వాలి, నవ్వలేకపోయాను, ఎందుకంటే ఆమె వెనక, తుడిచిన నేల మీద, తలుపు నుంచి ఆరో మంచం దాకా అడుగులున్నాయి. తడి అడుగులు. చిన్నవి, చెప్పులు లేనివి, వేళ్ళు విడివిడిగా. పరదా కిందికి వెళ్ళాయి, వెనక్కి రాలేదు. "ఇక్కడెవరు నడిచిండ్రు?" అన్నాను. రోసమ్మ వెనక్కి తిరిగి చూసి నడుం మీద చేయి పెట్టుకుంది. "తుడిచినంకనే నడుస్తరు, తుడవకముందు ఒక్కలు నడవరు. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న." మాప్ తిప్పి వెనక్కి తుడుచుకుంటూ పోయింది, అడుగులు పోయాయి. ఆమె కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి, అది కూడా చూశాను. ఎవరైనా పిల్లలు నడిచి ఉంటారు, ఇక్కడ ఎందరు పిల్లలు, తల పగిలిన వాళ్ళు, జ్వరం వాళ్ళు. నాలుగో మంచం పిల్లాడికి చేయి విరిగింది, వాడి చుట్టూ ఏడుగురు, అందరూ ఎలా విరిగిందో గట్టిగా చెబుతున్నారు, చెప్పిన వాళ్ళే మళ్ళీ చెబుతున్నారు. విరిగిన చేయి సంగతి చెప్పడానికి ఎవరికీ సిగ్గు లేదు. ఆరో మంచం చుట్టూ మాత్రం పరదా లాగి ఉంది, గుసగుసలు కూడా లేవు.

పరదా తీసి లోపలికి వెళ్ళాను. చిన్ని పడుకుని ఉంది, ఒక్కతే ఉంది. ముఖం పాలిపోయి, పెదాలు ఎండిపోయి. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. ఆ మచ్చ చూసే కదా పేరు పెట్టించాను, పురిట్లోనే, సుకన్య ఏదో కొత్త పేరు అనుకుంటే, ఇది మా శారద, మళ్ళీ వచ్చింది, అని ఏడ్చి పట్టుబట్టాను. పాత పేరు. క్లాసులో పిల్లలు దాన్ని శారదాంటీ అంటారట. ఫోనులో గుంపు పెట్టుకుని, చిన్ని ఫొటోకు తెల్ల జుట్టు తగిలించి, చేతికి కర్రిచ్చి, రోజూ ఒకటి పంపుతారట. నాకొకటి చూపించింది. నిజంగానే నాలా ఉంది అందులో, నా ముఖమే, నేను నవ్వాను కూడా, భగవంతుడా, "మంచిగనే ఉన్నది కదనే" అన్నాను. అది నవ్వలేదు. మొన్న శుక్రవారం నా దగ్గరికి వచ్చి "డాడీకి చెప్పు నానమ్మా, నా పేరు మార్పించమని. ప్లీజ్" అంది. అప్పుడు నేనేం అనాలి. ఎంత మంది పిల్లలురా నిన్ను అంటున్నది, ఎన్ని రోజుల సంది, అని అడగాలి. నేనన్నాను, "అది మా చెల్లె పేరు బిడ్డా. నువ్వు తీసేస్తే అది ఎక్కడికి పోతది?" పిల్ల నన్ను చాలాసేపు చూసింది. "ఆమె ఎట్ల చచ్చిపోయింది?" అంది. "బాయిల పడ్డది." "పడ్డదా, దూకిందా?" ఆ మాటలే, అదే వరుసలో, తెల్ల టోపీ లేకుండా. "పడ్డది. పో, చదువుకో" అన్నాను. పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

నేను ఎందుకు చదవడం నేర్చుకున్నానో ఎవరూ అడగలేదు. బడికి పోని ఆడది ఇన్ని పుస్తకాలు చదువుతుందని యుగంధర్ వాళ్ళ స్నేహితులకు గొప్పగా చెబుతాడు. ఆ పదకొండు రోజుల్లో చెల్లె మంచం మీద కూర్చుని చూచిరాత రాసేది. నోటుపుస్తకం మోకాళ్ళ మీద పెట్టుకుని, ఒక్కో అక్షరం గుండ్రంగా, పొద్దంతా. అది చదువులో పడింది, మంచిదయింది, అనుకున్నారు అందరూ. పదకొండో రోజు పొద్దుగూకే వేళ ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది. అక్కా, ఇది నువ్వుంచుకో. నాకు చదవొస్తే కదా. దాని దినాలయ్యాక కొత్తిమీర చుట్టే పేపరు ముక్కల మీద, బస్సు బోర్డుల మీద అక్షరాలు పట్టుకోవడం మొదలుపెట్టాను. ఇదేంది అదేంది అని అంగట్లో కనబడ్డ ప్రతివాళ్ళనూ అడిగేదాన్ని, పిచ్చిది అనేవాళ్ళు. రెండేళ్ళు పట్టింది. ఒకనాడు పుస్తకం తెరిస్తే అక్షరాలు మాటలయ్యాయి, మాటలు వాక్యమయ్యాయి. పేజీ నిండా ఒకటే వాక్యం. తిప్పితే మళ్ళీ అదే. నలభై పేజీలు. "అక్క నేను పడ్డానని చెప్పింది." నేను నా బతుకులో చదివిన మొదటి వాక్యం అది. కోపంగా రాయలేదు, ఏడుస్తూ రాయలేదు, ఒక్క అక్షరం గీత దాటలేదు, ఒక్క ఒత్తు తప్పలేదు. పెళ్ళికి ముందు రోజు దాన్ని నీళ్ళ పొయ్యిలో వేశాను, మా అమ్మకు కూడా తెలియదు. అప్పటి నుంచి ఏది దొరికితే అది చదువుతాను, కథల పుస్తకాలు, పంచాంగాలు, మందుల చీటీలు, గోడలు. చదవడం ఆపితే ఆ వాక్యం పైకి తేలుతుంది.

ఇప్పుడు చదవడానికేమీ లేదు. సెలైను సీసా మీద ఇంగ్లీషు. పరదా మీద ఏమీ లేదు. గడియారం ఇక్కడికి కనబడదు, టిక్కుటిక్కు మాత్రం వినబడుతుంది, కాదు, అది చిన్ని గుండె చప్పుడు, మంచం పక్క మిషను తెరమీద పచ్చ గీతగా పోతోంది. చిన్ని కుడిచేయి దుప్పటి మీద ఉంది. చూపుడువేలు కదులుతోంది. కల వస్తోందేమో అనుకున్నాను. వేలు గుండ్రంగా తిరిగింది, ఆగింది, కింద చిన్నగా ఒక వంకర తిప్పింది, మళ్ళీ మొదటికి వచ్చింది. ఒత్తు. అది ఒత్తు పెట్టడం. ఈ పిల్లకు తెలుగు రాయమంటే పేరులో మొదటి అక్షరం దగ్గరే పెన్ను కొరుకుతుంది, ఒత్తు అంటే కింద ఎటు పెట్టాలి నానమ్మా అంటుంది. ఆ వేలు ఆగలేదు, తడబడలేదు. దుప్పటి మీద ఎడమ నుంచి కుడికి ఒక వరస, చివరికి పోయి మళ్ళీ కింది వరస. అక్క. నేను. చదవకూడదని కళ్ళు మూసుకున్నాను, మూసుకున్నా వేలు దుప్పటి మీద గీరుకునే చప్పుడు వినబడింది, సర్, సర్, నలభై పేజీల చప్పుడు. నీళ్ళ వాసన పరదా లోపలంతా ఉంది. ఎవరో నా పక్కన నిలబడి నేను ఏం చెబుతానో వినడానికి తల వంచారు. నా భుజం మీద చల్లగా ఒక బొట్టు పడింది. ఏసీ కారుతుందేమో, పైకి చూడలేదు.

మూడయింది. బూట్ల చప్పుడు, పరదా రింగుల చప్పుడు, యామిని వచ్చింది, వెనకే యుగంధర్ జుట్టు సర్దుకుంటూ వచ్చాడు, కారు తాళాలు చేతిలో ఉన్నాయి. నర్సు దేవకృప కాగితాల అట్ట పట్టుకుని నిలబడింది. "శారద బీపీ బాగుందండీ. ఇంటికి తీసుకెళతారా?" అంది డాక్టరమ్మ, వాడిని అడుగుతూ నన్ను చూసింది. "తీస్కపోతం మేడం, కారు ముంగటనే పెట్టిన."

"పొరపాటు కాదు" అంది ఎవరో. గొంతు పదిహేనేళ్ళ పిల్లదిలా సన్నగా ఉంది. అందరూ నా వైపు చూశారు కాబట్టి అన్నది నేనేనని తెలిసింది.

"అమ్మా" అన్నాడు యుగంధర్.

"మూత వెట్టింది బిడ్డా" అన్నాను డాక్టరమ్మతో. "డబ్బాకు మూత వెట్టి దాని జాగల అది పెట్టింది. నేనే దాచిన. నిన్న నాకు దాని దీపం ఇచ్చింది, నువ్వుంచుకో అన్నది. క్లాస్ల పిల్లలు దాన్ని సతాయిస్తున్నరు, నాకు ఎరుకే. దీన్ని ఇంటికి పంపకు. మా నాయిన మా చెల్లెను గిట్లనే తీస్కపోయిండు. పదకొండు రోజులున్నది."

యామిని స్టూలు లాక్కుని నా ముందు కూర్చుంది. నా భుజం మీద చేయి వేసింది, సరిగ్గా ఆ బొట్టు పడిన చోట. ఏవేవో అడిగింది, నిద్ర, తిండి, స్కూలు, నేను చెప్పాను, తెలిసింది తెలిసినట్టు. పోలీసులకు ఒక కాగితం వెళుతుందని, పిల్ల మీద కేసేమీ ఉండదని, దానికి భయపడి తీసుకెళ్ళొద్దని యుగంధర్‌కు రెండుసార్లు చెప్పింది. ఫోన్ చేయడానికి లేచి వెళ్ళింది. మలుపు దగ్గర వెనక్కి తిరిగి నన్ను చూసి తల ఊపింది. యుగంధర్ గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. అలాగే అడిగాడు. "డబ్బా ఎప్పుడు చూసినవ్?"

"పొద్దుగాలనే."

"మరి నాకు చెప్పలేదేందే?"

"నువ్వు అడగలే. నేను చెప్పలే."

వాడు కారు తాళాలతో సహా నేల మీద కూలబడ్డాడు, మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు, చిన్ని కూర్చున్నట్టే. కాసేపటికి లేచి సుకన్యకు ఫోన్ చేయడానికి బయటికి పోయాడు, ఈసారి నిజం చెప్పడానికి. దేవకృప చిన్ని చున్నీ, తలపిన్నులు, గాజులు ఒక సంచిలో వేసింది. "అమ్మా, మీ కొంగు పిన్నీసు సుత ఇయ్యండి. ఎవరో ఒకరు మంచం పక్కకే కూసోవాలె, చెయ్యి అందేంత దూరంల. కండ్లు పిల్ల మీద ఉండాలె, ఫోన్ మీద, పుస్తకం మీద కాదు. ఎవరు కూసుంటరు?" నేను, అన్నాను. కుర్చీ మంచానికి ఆనించి వేసింది. పోయే వాళ్ళ వీపులు చూసిన కళ్ళు నావి, ఒక ముఖాన్ని ఇంత దగ్గరగా ఇంతసేపు చూడటం వాటికి అలవాటు లేదు, నీళ్ళు కారాయి.

"ఎందుకు చెప్పినవ్?" అంది చిన్ని. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎప్పటి నుంచి తెరిచి ఉన్నాయో. "నీతో మాట్లాడ పో."

"మాట్లాడకు. ఈడనే కూసుంట."

ముఖం అటు తిప్పుకుంది. పక్కన చేయి విరిగిన వాళ్ళు వెళ్ళిపోతున్నారు, చెప్పుల చప్పుడు సద్దుమణిగింది. గోడ వైపు చూస్తూనే అడిగింది. "మీ చెల్లె."

"దూకింది" అన్నాను. యాభై ఏడేళ్ళ తర్వాత ఆ మాట నోట్లోంచి వస్తే పిడుగు పడుతుందనుకున్నాను, పచ్చ గీత మాత్రం అలాగే పోయింది. "దూకింది బిడ్డా. నేను చూసిన. పడ్డదని చెప్పిన. ఎందుకు దూకిందో ఎవ్వరం అడగలే. నిన్ను అడుగుతున్న."

దాని ఒళ్ళు కదిలింది, ఏడుపో చలో, దుప్పటి పైకి లాగాను. నా చేయి తీసుకుని సూది లేని చేత్తో పట్టుకుంది, కోపంగానే పట్టుకుంది, గోళ్ళు దిగాయి. కాసేపటికి పట్టు వదులయింది, ఊపిరి బరువయింది, కళ్ళు మూతపడ్డాయి. అప్పుడు నా అరచేతిలో దాని చూపుడువేలు కదలడం మొదలుపెట్టింది. గుండ్రంగా, నిదానంగా, ఒక్క గీత తప్పకుండా.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"నేనేం రాస్తలే నానమ్మా" అంది నిద్రలోంచి.

వేలు ఆగలేదు. నేను కళ్ళు మూసుకోలేదు ఈసారి, చేయి వెనక్కి తీసుకోలేదు కూడా. అక్క, అని రాసింది. తర్వాత రావలసిన మాటల కోసం ఎదురుచూశాను. అవి రాలేదు. ఆ జాగా వదిలేసి వేలు కొంచెం పక్కకు జరిగింది. చెప్పింది, అని రాసింది. రాసి, నా అరచేతి మధ్యలో, చల్లగా, గట్టిగా, ఒక చుక్క పెట్టి ఆగిపోయింది.